వామి మీద గుమ్మడికాయ

కార్తీకమాసంలో కూరపాదులు పెట్టినదాన్ని మా ఊళ్ళో నేనొక్కదాన్నే. చూసి నవ్వని మనిషి లేదు. "ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టుందే నీ వరస" అని కాలవ రేవులో ఆడవాళ్ళు; "మంచు తాగి కాస్తాయేంటమ్మా నీ పాదులు?" అని దారిన పోయే మగవాళ్ళు. తొలకరికి విత్తు పడాలని, ఆషాఢంలో పెట్టిన పాదు దసరాకి కాపుకొస్తుందని నాకు తెలియదా? గుడివాడ పక్క పల్లెటూళ్ళో మా అమ్మ పెరట్లో మట్టి పిసుకుతూ పెరిగినదాన్ని. పెట్టాను బాబూ, అదనులోనే పెట్టాను. నేను పెట్టిన పాదులు దడికి అవతల విరగకాస్తున్నాయి, ఇవతల నేను మళ్ళీ గొయ్యి తవ్వుకుంటున్నాను. ఆ దడి ఎప్పుడు లేచిందో, ఎలా లేచిందో నవ్వేవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ నవ్వారు.

అప్పటికి ఆంధ్రరాష్ట్రం వచ్చి కొద్దికాలమే అయింది. మా ఊరికి కరెంటు లేదు. మోపిదేవికి నడిచి వెళ్ళి దణ్ణం పెట్టుకుని భోజనాల వేళకి తిరిగి రాగలిగినంత దూరంలో, దివిసీమలో, మా అత్తవారి ఊరు. మావయ్యగారు కొడుకులిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే పోయారట. అత్తగారే వ్యవసాయం చేయించి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసింది. పెద్దాయన మా బావగారు. చిన్నాయన మా ఆయన. మా ఆయన మంచివాడు. ఆ మంచితనమే నా ప్రాణానికి వచ్చింది. అన్నగారు ఎదటుంటే ఆయన నోట్లోంచి "అలాగే అన్నయ్యా" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

ఆ ఏడు ఆషాఢంలో, అందరం కలిసి ఉన్నప్పుడు, పెరటి పాదుల పని నాది. అక్కయ్యకి, అంటే మా తోడికోడలికి, మట్టి అంటే పడదు. చేతులు గరుకెక్కుతాయని. నేనే పశువులపాక వెనక గోతులు తవ్వాను, పెంటమట్టి నింపాను, విత్తనాలు నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టి మొలక చూసి పెట్టాను. ఆనప, బీర, పొట్ల, చిక్కుడు. చంకలో పిల్లాడు, నెత్తిన బిందె. సరుగుడు గుంజలు పాతి పందిరి వేయించుకున్నాను. తీగ పందిరెక్కేదాకా రోజూ పొద్దున్నే పొయ్యిబూడిద చల్లాను. భాద్రపదంలో ముసురు పట్టి పందిరి ఒరిగిపోతే, వానలో తడుస్తూ తాళ్ళు కట్టి నిలబెట్టింది కూడా నేనే. అప్పుడు మా అక్కయ్య అరుగు మీద కూర్చుని, "జాగర్త చెల్లీ, జలుబు చేస్తుంది" అంది. అదీ ఆవిడ చేసిన సాయం.

దసరా వెళ్ళగానే అన్నదమ్ములు వేరుపడ్డారు. పెద్ద గొడవేం లేదు. ఇల్లు చాలడం లేదన్నారు, సరే అన్నారు. ఊళ్ళో పంపకాలన్నీ చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, వరసకి మాకు మావయ్య. ఆయన వచ్చి అరుగు మీద పడక్కుర్చీ వేయించుకుని ఇంటి గదులు, ఎడ్లు, గిన్నెలు, కొబ్బరిచెట్లు, గాదెలు అన్నీ రెండు వాటాలు చేశాడు. పెరడుకి అడ్డంగా తాటాకు దడి కట్టమన్నాడు. ఆ దడి కట్టేసరికి పశువులపాక, పెంటపోగు, పందిరి, దాని నిండా వేలాడుతున్న నా పాదులు అన్నీ బావగారి వైపు పడ్డాయి. మా వైపు వచ్చింది కొస ముక్క. వానలు వెనక్కి తగ్గితే చాలు, తెల్లగా ఉప్పు తేలే చౌడునేల.

నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. మగవాళ్ళ ముందుకి వచ్చి మాట్లాడే రోజులు కావు. అయినా ఉండబట్టలేక, "పందిరి సంగతి చెప్పలేదు మావయ్యగారూ" అన్నాను.

"పందిరేంటమ్మా, ఆర్నెల్ల ముచ్చట! పాదులు కూడా పంపకానికొస్తాయా? వేరు ఎవరి నేలలో ఉంటే కాయ వాళ్ళది. అంతే."

"ఆ వేరు పెట్టిందెవరో అడగండి."

"కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? నీ మొగుడే ఊరుకున్నాడుగా!"

అందరూ గొల్లున నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. స్తంభానికి చేరబడి వత్తులు చేసుకుంటున్న అత్తగారు తలెత్తలేదు. ఆవిడకి మాత్రం తెలియదా? నేను నీళ్ళు మోస్తుంటే రోజూ చూసిన మనిషే. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆవిణ్ణి కూడా ఆ రోజే పంచారు: ఒక నెల పెద్దకొడుకు దగ్గర, ఒక నెల చిన్నకొడుకు దగ్గర. దానికీ ఏమీ అనలేదు.

వేరుపడ్డ కొత్తలో ఒకరోజు ఆనపతీగ ఒకటి దడి దాటి మా వైపుకి పాకింది. దానికి లేత కాయ. గోరు గుచ్చితే దిగిపోయేంత లేత. నా చేత్తో నీళ్ళు తాగిన తీగ నన్ను వెతుక్కుంటూ వచ్చిందనుకుని మురిసిపోయి కోశాను. కత్తిపీట ముందు కూర్చున్నానో లేదో, అక్కయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అదేంటే చెల్లీ, చెప్పకుండా కోసేశావు? వేరు మా వైపుంది గదా! మావయ్యగారు చెప్పలా?"

చేతిలోంచి కాయ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దడి మీంచి నాలుగు బీరకాయలు అందించింది, పీచు కట్టి, కొడితే టకటకలాడే ముదుళ్ళు. "మీరూ తినండి పాపం, మీకు పాదుల్లేవు గదా" అంది. అత్త సొమ్ము అల్లుడు దానమంటే అదే! పైగా ఊరంతా ఆవిడ చెయ్యి పెద్దదని చెప్పుకున్నారు. నేను ఆ బీరకాయలు ఆవుకి పడేశాను. ఆవు కూడా వాసన చూసి వదిలేసింది.

ఆ మర్నాడే గునపం తీసుకుని చౌడులో గోతులు తవ్వడం మొదలుపెట్టాను. కార్తీకం సగం అయిపోయింది. అదను కాదని తెలుసు. అయినా ఆవిడ విసిరే ముదుళ్ళు వచ్చే తొలకరి దాకా తినడం నా వల్ల కాదు. నా నేలలో నా వేరు ఉండాలి, నా కాయ నా చేత్తో కొయ్యాలి. అంతకంటే నేనేమీ కోరలేదు.

మా ఆయన అరుగు మీంచి చూసి, "ఎందుకే ఈ చాకిరీ? అన్నయ్య వాళ్ళు ఇస్తూనే ఉన్నారుగా" అన్నాడు.

"ఇస్తున్నారండీ. నావి నాకే దానం ఇస్తున్నారు."

"నోరు మంచిదైతే ఊరు మంచిది."

"ఊరి సంగతి మీరు చూసుకోండి. గొయ్యి సంగతి నేను చూసుకుంటాను."

చౌడుమట్టి ఎత్తిపోసి, చెరువు గట్టు నుంచి మంచి మట్టి తట్టలతో మోసుకొచ్చి నింపాను. పెంట కోసం దడి అవతలికి వెళ్ళి అడగబుద్ధి కాలేదు. మా వాటాకి వచ్చిన ఆవు వేసినంత పేడే కూడబెట్టాను. బావినీళ్ళు ఉప్పన, పోస్తే మొలక మాడిపోతుంది. అందుకని కాలవ నుంచి బిందెలు. రేవులో ఆడవాళ్ళు నాకు దారిస్తూ, "రాణిగారి తోటకి నీళ్ళండోయ్" అని పాడేవాళ్ళు. పాడుకోనీ అని నేనూ గబగబా ముంచుకుని వచ్చేదాన్ని. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేదాన్ని.

మార్గశిరంలో మంచు మొదలైంది. బీర మూరెడు లేచి ముడుచుకుపోయింది. పొట్ల అసలు మొలకెత్తలేదు. చిక్కుడు పూత పట్టేవేళకి చిగుళ్ళ నిండా పేనుబంక. బూడిద కొట్టీ కొట్టీ నా చేతులు బూడిదయ్యాయి గానీ అది పోలేదు. ఊరివాళ్ళ మాటే నెగ్గేలా ఉంది. ఒక్క తియ్యగుమ్మడి మాత్రం మొండిగా నిలిచింది. చలీ లెక్కచెయ్యలేదు, ఉప్పూ లెక్కచెయ్యలేదు. జానెడు జానెడు ఆకులు వేసుకుని నేలంతా పాకింది. దానికి నా పోలికొచ్చిందని మా ఆయన వేళాకోళం చేశాడు. వేళాకోళమైనా నాకు ఆ మాట నచ్చింది.

పుష్యంలో కుప్పలు నూర్చారు. బావగారు దడికి ఆనుకుని, వాళ్ళ వైపు, పెద్ద గడ్డివామి వేయించారు. నా గుమ్మడితీగకి ఆ వామి కనిపించడమే తరువాయి. దడి ఎక్కింది, వామి ఎక్కింది, ఏటవాలు మీద హాయిగా పరుచుకుంది. మగపూలు రాలిపోగా, వామి నడుమన ఒకే ఒక్క పిందె నిలబడింది. మా వైపు నేల మీద పడ్డ పిందెలన్నీ కుళ్ళిపోయాయి. పొడి గడ్డి మీద కూర్చున్న ఆ పిందె మాత్రం రోజురోజుకీ ఊరింది. మాఘం సగమయ్యేసరికి రెండు చేతులా కావలించుకుంటే గానీ అందనంత అయింది. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి దడి సందులోంచి దాన్ని చూస్తే గానీ నాకు పొయ్యి వెలిగించబుద్ధయ్యేది కాదు.

నేనొక్కదాన్నే చూస్తున్నాననుకున్నాను. ఒకరోజు చూద్దును గదా, కాయ కింద గడ్డితో చుట్టకుదురు పెట్టి ఉంది. జారిపోకుండా బావగారు పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ అక్కయ్య చూపిస్తోంది: "మా వామి మీద కాయ చూశారా? శివరాత్రి వెళ్ళాక కోసి ఊళ్ళో అందరికీ ముక్క పంచుతా."

నా చెవులతో నేను విన్నాను. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ రోజుల్లో తమ్ముడి భార్య బావగారితో ఎదటపడి మాట్లాడకూడదు. ఏమైనా చెప్పాలంటే గోడతోనో, గొడ్డుతోనో చెప్పాలి, ఆయన వినాలి. నేను మా దూడ దగ్గర నిలబడి, ఆయన వామి దగ్గరికి గడ్డి లాగడానికి వచ్చినప్పుడు గట్టిగా అన్నాను: "ఒసే దూడా, వేరు ఎవరి నేలలో ఉంటే కాయ వాళ్ళదని పెద్దమనుషులు చెప్పారే. గుమ్మడి వేరు మన వైపుందే. గుర్తుందా?"

బావగారు గడ్డి లాగుతూ వాళ్ళ ఎద్దుతో చెప్పారు: "వేరుదేముందిరా, ఎక్కడో ఉంటుంది. ఇన్నాళ్ళూ కాయ బరువు మోసింది ఎవరి గడ్డిరా? మన గడ్డి కాదూ?"

మర్నాడు బావగారే పెద్దమనిషిని పిలిపించారు. వచ్చాడు మహానుభావుడు. దడికి అటు చూశాడు, ఇటు చూశాడు. వామి మీద కాయని చూసి, "అబ్బో!" అన్నాడు. తలుపు చాటు నుంచి నేను ఆయన దసరానాటి మాట ఆయనకే అప్పజెప్పాను.

"అది పందిరి సంగతమ్మా. ఇది వామి. వామి మీద కాయ వామిగలవాడిది. వాళ్ళు నీకంటే పెద్దవాళ్ళు, ఒక కాయకి పేచీ ఏంటి? వాళ్ళే నీకో ముక్క ఇస్తార్లే" అని పైపంచె దులుపుకుని వెళ్ళిపోయాడు.

దసరాకి ఒక న్యాయం, మాఘానికి ఒక న్యాయం. పందిరి వాళ్ళ వైపుంటే వేరు చూడాలి. వేరు నా వైపుంటే వామి చూడాలి. ఎటు తిప్పినా కాయ మాత్రం అటే వెళ్ళాలి. నాకు ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండేది, అక్కడితో పోయేది. మా ఆయన వైపు చూశాను. ఆయన దడి తాటాకులు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు.

శివరాత్రి వెళ్ళింది. ఆ నెల అత్తగారు మా వంతు. మా ఇంట్లోనే ఉంది. మా ఆయన ఏదో పని మీద బందరు వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం, బావగారు అరుగు మీద తాంబూలం నములుతూ కూర్చుని ఉండగా, కొంగు బిగించి, దడి తలుపు తీసుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. నిచ్చెన వామికి ఆనించే ఉంది. ఎక్కాను. అక్కయ్య లోపలి నుంచి, "అయ్యో అయ్యో, చూడండీ!" అని కేకలు. బావగారు లేచి వచ్చారు గానీ, తమ్ముడి భార్య నిచ్చెన మీద ఉంటే దగ్గరికి రావడానికి మొహం చెల్లక, దూరాన నిలబడి ఎద్దుని తిట్టారు. కొడవలితో తొడిమ కోశాను. కాయని గుండెకి ఆనించుకుని ఒక్కో మెట్టూ దిగి, ఆయన ముందు నుంచే నడిచి మా వంటింట్లోకి తెచ్చి దింపాను.

కాయైతే వచ్చింది. ఇప్పుడు దాన్ని కొట్టాలి. గుమ్మడికాయకి మొదటి వేటు మగవాడే వెయ్యాలి. మా వైపు అందరిళ్ళలోనూ అదే ఆచారం. ఆడది వేస్తే కడుపున పుట్టినవాళ్ళకి అరిష్టమంటారు. మగవాడు ఒక్క వేటు వేసి రెండు చెక్కలు చేస్తే, ఆ తర్వాత ముక్కలు కోసుకోవడం మన పని. సాయంత్రం మా ఆయన బందరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే బావగారు అరుగు మీద పట్టుకుని అంతా చెప్పేశారు.

"అన్నయ్య మనసు కష్టపెట్టి తెచ్చిన కాయ. నేను కొట్టను" అన్నాడు మా ఆయన.

"మీరు కొట్టకపోతే ఎవరు కొడతారండీ?"

"తిరిగిచ్చెయ్. అన్నయ్య కొట్టి మనకీ పంపిస్తాడు."

తలుపు చాటు నుంచే పక్కింటాయన్ని అడిగాను, నడుం నొప్పన్నాడు. ఎదురింటాయన్ని అడిగితే, మీ అన్నదమ్ముల మధ్యకి నేనెందుకమ్మా అన్నాడు. ఎంత ఆశ్చర్యం! గొయ్యి తవ్వినప్పుడు అరిష్టం లేదు. కాలవ నుంచి బిందెలు మోసినప్పుడు లేదు. వామి ఎక్కి దింపినప్పుడు లేదు. కత్తి పట్టుకునేసరికి వచ్చి కూర్చుందట! వంటింటి మూల ఆ కాయ నా వైపు చూస్తూ కూర్చుంది. దడి అవతల నుంచి అక్కయ్య, "ఎన్నాళ్ళు దాచుకుంటుందో చూద్దాం. కుళ్ళాక అయినా తేవాలిగా" అంటూ నవ్వుతోంది.

ఇక ఆగలేకపోయాను. మా ఆయన చేలోకి వెళ్ళిన పూట, కొబ్బరిబోండాలు కొట్టే కత్తి తీసుకుని కాయ ముందు కూర్చున్నాను. ఎత్తాను. ఉయ్యాల్లో పిల్లాడు నిద్రలో కదిలాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కోపం ఎంత ఉంటే మాత్రం, పిల్లాడి పేరు చెప్పి భయపెడితే ఏ తల్లి చెయ్యి దిగుతుంది? నా మీద నాకే అసహ్యం వేసింది. కనీసం ఎవరూ చూడకుండా చేద్దామని లేచి పెరటి తలుపు వెయ్యబోయాను.

"తలుపెందుకే? తీసే ఉంచు." అత్తగారు. ఎప్పుడు వచ్చిందో, వెనకే నిలబడి ఉంది. "ఇలా తే ఆ కత్తి."

కూర్చుంది. కాయని ఒడుపుగా తిప్పి, తొడిమ పక్కన చారకి సరిగ్గా గురి చూసి ఒక్కటే వేటు వేసింది. కాయ రెండు చెక్కలై అటొకటి ఇటొకటి పడింది. లోపల పసుపు ముద్దలా ఉంది. ఆ వేటు కొత్త చెయ్యి వేసింది కాదు.

దూరంగా దొర్లిన చెక్కని తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"మీ మావయ్య పోయాక ఈ ఇంట్లో గుమ్మడికాయలు ఎవరు కొట్టారనుకున్నావే? వీళ్ళిద్దరూ వేలెడంత లేరు. ఒంటరిదాన్ని, కాయ కొట్టిపెట్టమని ఏ మగవాణ్ణి ఇంట్లోకి పిలవను? పిలిస్తే ఒక మాట, పిలవకపోతే ఒక మాట. తలుపేసుకుని నేనే కొట్టేదాన్ని. ఆ పులుసు తినే ఇద్దరూ గుండ్రాళ్ళల్లే పెరిగారు. ఏ అరిష్టం వచ్చింది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?"

ఆవిడ జవాబు చెప్పేలోపే, వేటు చప్పుడుకి దడి మీద బావగారి తల లేచింది. తెరిచి ఉన్న తలుపులోంచి, కత్తి పట్టుకుని కూర్చున్న తల్లి, ముందర రెండు చెక్కలు ఆయనకి సూటిగా కనిపించాయి.

"అమ్మా! నువ్వు కొట్టావా? అదీ... మా వామి మీద కాయని?"

"కొట్టాను రా. ముక్క కావాలంటే మీ తమ్ముడి పెళ్ళాన్ని అడుగు. పాదు పెట్టింది అది, నీళ్ళు మోసింది అది. నీ పందిరి మీద పాదులు పెట్టిందీ అదే. నేను చూశాను. కాయ దానిది."

బావగారి తల దడి వెనక్కి దిగిపోయింది. నేను పొయ్యి వెలిగించి చింతపండు నానబెట్టాను. నా చేతులకి పని దొరికింది గానీ నా కోపం చల్లారలేదు. ఆ మాటే దసరానాడు, స్తంభం దగ్గర కూర్చున్నప్పుడు, అందరి ముందూ ఆవిడ అని ఉంటే? మంచి మనిషే, నాకు ఆవిడంటే ఇష్టమే, చివరిదాకా ఆవిడకి సేవ నేనే చేశాను. అయినా సరే, ఆ ఒక్క మాట అప్పుడే అనకుండా నా చేత చౌడులో గొయ్యి తవ్వించినందుకు ఆవిణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.